బిందె ఉంటే మనిషి ఉన్నట్టే

రాజమండ్రి ఇన్నీసుపేటలో మా వీధి కుళాయికి తెల్లవారుజామున నీళ్లొచ్చేవి. ఆ వేళకి మనుషులు లేచి వరసలో నిలబడే పద్ధతి మా వీధిలో లేదు. రాత్రి భోజనాలయ్యాక ఇంటికొకరు బయటికొచ్చి, బిందె ఒకటి కుళాయి దగ్గర పెట్టి, ముందు ఎవరి బిందె ఉందో, వెనక ఎవరిది చేరిందో చూసుకుని వెళ్లి పడుకునేవారు. మనుషులు నిద్రపోయేవారు, బిందెలు జాగారం చేసేవి.

1970ల చివర నేను ఎలిమెంటరీ స్కూల్లో చదువుతున్న రోజుల్లో ఆ బిందె పెట్టే పని నాది. పుట్టింటివాళ్లు పేరు కొట్టించి ఇచ్చిన ఇత్తడి బిందెను అమ్మ రాత్రిపూట గడప దాటనిచ్చేది కాదు. దొంగల భయం. అందుకని అన్ని ఇళ్ల నుంచీ అడుగు సొట్టలు పడి, మెడ వంగి, ఇంట్లో మరి దేనికీ పనికిరాని సత్తు బిందెలే వచ్చేవి. ప్రజాస్వామ్యంలో ప్రాతినిధ్యం అంటే ఏమిటో సాంఘిక శాస్త్రం పుస్తకంలో చదవక ముందే నాకు తెలిసిపోయింది.

బిందెకి పేరు అక్కర్లేదు. సొట్ట చూస్తే చాలు, ఎవరిదో తెలిసేది. మూలింటి మామ్మగారికైతే చీకట్లో తడిమినా తెలిసేది. ఆవిడే మా కుళాయికి హైకోర్టు. ఎదురింట్లో కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు ఓ రాత్రి బిందెకి బదులు ఇటిక పెట్టి వెళ్లారు. పొద్దున్నే గొడవ. ఇటికను లెక్కలోకి తీసుకోవాలా వద్దా? మామ్మగారు కొంగు దోపుకుంటూ వచ్చి, ఆ ఇటికను తిరగేసి చూసి, “దీన్లో నీళ్లు ఎలా పడతావమ్మా?” అనడిగారు. దాంతో ఇటిక ఓడిపోయింది. అంటే నీళ్లు పట్టే వస్తువే పెట్టాలన్నమాట. ఆ కొత్తావిడ తక్కువది కాదు, మర్నాడు కొబ్బరి చిప్ప పెట్టింది. చిప్పలో నీళ్లు నిలుస్తాయి మరి. మామ్మగారు అభ్యంతరం చెప్పలేదు. ఆవిడ వంతు రాగానే చిప్ప నిండా నీళ్లు పట్టి చేతికిచ్చి, “నీ వంతు అయిందమ్మా” అన్నారు. ఆ మర్నాటి నుంచి ఆ ఇంటి నుంచి కూడా బిందె వచ్చింది.

మా ఊళ్లో మనుషుల తరఫున వస్తువులు చాలా పనులు చేసేవి. డిపోలో చక్కెరకీ కిరసనాయిలుకీ రేషన్ కార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రాయి పెట్టేవారు. జనం ఎదురుగా వేపచెట్టు కింద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. రాయి కదిలితే మాత్రం అందరి తలలూ ఒక్కసారి తిరిగేవి. కార్డులు పేర్చిన వరస కింద నుంచా, పై నుంచా అన్నది ఆ డిపో నడిచినంత కాలం తేలలేదు. ముందొచ్చినవాడి కార్డు అడుగున ఉంటుంది, డీలరు చెయ్యి పైనున్న కార్డు మీద పడుతుంది. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక కార్డుల కట్ట రెండింతలైంది. రాయి కూడా పెద్దది పెట్టారు.

ఇక బస్సు. సంక్రాంతికి అంబాజీపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊరు వెళ్లాలంటే రాజమండ్రి బస్టాండులో అమలాపురం బస్సు పట్టుకోవాలి. వేమగిరి, కడియపులంక, జొన్నాడ దాటి గౌతమి వంతెన మీదుగా రావులపాలెం. అక్కణ్ణించి కోనసీమ. దారంతా కొబ్బరిచెట్లే కానీ, సీటు దొరికినవాడికే కొబ్బరిచెట్లు కనబడేవి. నిలబడ్డవాడికి పక్కవాడి చంక కనబడేది.

బస్సు ఇంకా ఆగకముందే దాని వెంట జనం పరిగెత్తేవారు. కిటికీల్లోంచి తువ్వాళ్లు లోపలికి ఎగిరేవి. చేతిరుమాళ్లు, సంచులు, గొడుగులు, ఒకసారి ఓ పెద్దాయన చెప్పు కూడా. చెప్పు పడ్డ సీట్లో కూర్చోవడానికి ఎవరూ పోటీకి రారని ఆయన అంచనా. ఒక్క చెప్పుతో తోసుకుంటూ ఎక్కి దర్జాగా కూర్చున్నాడు. మా నాన్నగారి తువ్వాలు తెల్లది, ఎర్రంచు. విసిరితే తిన్నగా సీటు మీదే పడేది. ఆఫీసులో ఆయనకి ఎన్నడూ రాని పేరు బస్టాండులో వచ్చింది.

తువ్వాలుకీ ఒక పరిమితి ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చునే మొండివాళ్లు ఉంటారు. అప్పుడు పిల్లలు. కిటికీకి అడ్డ ఊచ ఒక్కటే ఉన్న బస్సుల్లో సందు చూసి పిల్లను లోపలికి అందించేవారు. “పాపాయిని అందుకోండమ్మా, ఆ సీట్లో కూర్చోబెట్టండి, పుణ్యం ఉంటుంది” అంటే లోపలున్న ఎవరో తెలియని ఆవిడ అందుకునేది. ఒళ్లు వచ్చి ఊచల మధ్య పట్టనంత దాకా నేను మా ఇంటికి తువ్వాలుగా పనిచేశాను. సీటు మధ్యలో కాళ్లు చాపుకుని, రెండు చేతులూ రెండు పక్కలా ఆన్చి, “మా నాన్నగారు వస్తున్నారండీ” అని ఒక్కటే మాట అప్పజెప్పాలి. నన్ను లేపి కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు. గోదావరి జిల్లాల వాళ్లు ఎంత ఎటకారం ఆడినా పిల్లల జోలికి రారు.

తీర్పు చెప్పాల్సినవాడు కండక్టరు. ఒకే సీటు మీద రెండు తువ్వాళ్లు పడితే ఏది ముందు పడిందని ఆయన్ని అడిగేవారు. ఆయన రెండూ తీసి పైన రాక్‌లో పడేసి, “తువ్వాళ్లు ఇక్కడ పడుకుంటాయండీ, మనుషులు ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చోండి, ఆయ్” అనేవాడు. చట్టం ప్రకారం ఆయన చెప్పిందే సరి. జనం మాత్రం దాన్ని దౌర్జన్యమనేవారు. చిల్లర లేనప్పుడు అదే కండక్టరు టికెట్టు వెనకాల నలభై పైసలని గిలికి ఇస్తే, ఆ కాగితాన్ని డబ్బులాగే జేబులో భద్రంగా పెట్టుకునేవారు. అదీ బదులు సంగతే. దానికి ఎవరూ పేచీ పెట్టలేదు.

రైలెక్కితే ఇంకో రకం. నిడదవోలు వైపు పాసింజరు హేవ్‌లాక్ వంతెన మీదికి ఎక్కగానే గర్డర్ల చప్పుడుకి పెట్టెలో మాటలు ఆగిపోయేవి. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైళ్లు వదిలిన వంతెన అది. 1974లో పక్కనే కింద రైలూ పైన రోడ్డూ ఉన్న కొత్త వంతెన వచ్చినా పాతదాని మీదా బళ్లు నడిచేవి. వంతెన రాగానే అమ్మమ్మ కొంగుముడి విప్పి బిళ్ల తీసేది. గోదావరి మీంచి పోతూ స్నానం చెయ్యకుండా వెళ్లడం ఆవిడకి అపరాధం. దిగడానికి వీల్లేదు గనక ఆవిడ బదులు ఐదు పైసల బిళ్ల మునిగేది. అదైనా తిన్నగా మునిగితేనా? ఆ రోజుల్లో ఐదు పైసలు, పది పైసలు అల్యూమినియం బిళ్లలు. గాలికి తేలిపోయి గర్డరుకి ఠంగుమని తగిలి ఎటో పోయేవి. “నీళ్లలో పడిందంటావా?” అని అమ్మమ్మ నన్నడిగేది. పడిందనే చెప్పేదాన్ని. ఆవిడ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకునేది.

1979 గోదావరి పుష్కరాలకి అమ్మమ్మ రాలేకపోయింది, కాళ్ల నొప్పులు. అప్పుడు అమ్మ వంతు. పుష్కరాల రేవులో ముందు తన కోసం మునిగి, తరవాత అమ్మమ్మ పేరు చెప్పి, భిలాయిలో ఉన్న పెద్దత్తయ్య పేరు చెప్పి, ఇంకా ఎవరెవరి పేర్లో చెప్పి మునుగుతూనే ఉంది. వెనక రద్దీ. మెట్టు మీదున్న వాలంటీరు, “ఊరంతటికీ మీరే మునిగితే ఎలాగండీ, ఎనకోళ్లకి చోటివ్వండి” అన్నాడు. అమ్మ జడ పిండుకుంటూ, “ఆళ్లు వచ్చుంటే ఇంకా రద్దీ కదా నాయనా” అంది. అతని దగ్గర జవాబు లేదు.

నాన్నగారి ఉద్యోగం ధవళేశ్వరంలో. ఏ ఆఫీసన్నది ఇప్పుడు అనవసరం, సర్కారుది. 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్టకి బదులుగా కొత్త బ్యారేజీ లేస్తున్న రోజులు. ఊరంతా సిమెంటు లారీలు. సెలవుల్లో నాన్నగారితో సైకిలు మీద వెళ్లి ఆ ఆఫీసులో కూర్చునేదాన్ని. అక్కడా కుర్చీలకి మనుషులకన్నా వస్తువులే ఎక్కువసేపు అంటిపెట్టుకుని ఉండేవి. కుర్చీకి తువ్వాలుంటే మనిషి టీకి వెళ్లినట్టు. బల్ల మీద కళ్లజోడు పెట్టె ఉంటే పక్క సెక్షన్‌కి వెళ్లినట్టు. గొడుగుంటే ఊళ్లోనే ఉన్నట్టు.

ఒక గుమాస్తాగారికి రెండు గొడుగులు. ఒకటి వానకి, ఒకటి ఆఫీసుకి. ఆఫీసు గొడుగు కుర్చీ వెనక తగిలించే ఉండేది, రాత్రీ పగలూ. ఆయన కోసం వచ్చిన రైతులు దాని ఎదురుగా బెంచీ మీద గంటలు గంటలు కూర్చునేవారు. “గొడుగుందండీ, వచ్చేత్తారు” అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు. పక్క కుర్చీ ఆయన్ని అడిగినా గొడుగు వైపు చూపించేవాడు. అబద్ధం ఆడకుండా అబద్ధం చెప్పడం అంటే ఇదే. అందరూ దీన్ని నవ్వుతూ చెప్పుకునేవారు. బెంచీ మీద కూర్చున్నవాళ్లకి ఆ పూట కూలీ పోయిందన్న సంగతి ఆ నవ్వుల్లో ఉండేది కాదు. 1983లో రామారావుగారి ప్రభుత్వం పదవీ విరమణ వయసు యాభై ఎనిమిది నుంచి యాభై ఐదుకి దించినప్పుడు ఒక్కసారిగా ఇంటికి వెళ్లినవాళ్లలో ఈయనా ఒకరు. మనిషి వెళ్లిపోయాడు, గొడుగు మర్చిపోయాడు. ఆ తరవాత కూడా ఓ రైతు వచ్చి దాని ఎదురుగా కూర్చున్నాడని నాన్నగారు చెప్పారు.

ఆ ఆఫీసుకి ఏడాదికొక పండగ కార్తీక వనభోజనం. కడియం దగ్గర మామిడి తోట, అద్దె బస్సు, తలకింతని చందా. చందా కాగితంలో పేర్లు హోదా ప్రకారం రాసేవారు. ఆఫీసరుగారి పేరు అన్నిటికన్నా పైన, ఎదురుగా పెద్ద అంకె, దాని పక్కన ‘వచ్చును’ అన్న మాట. ఆ మాట అలాగే ఉండగా పండగ అయిపోయేది.

వనభోజనం ఉసిరిచెట్టు కిందే చెయ్యాలి. మామిడి తోటలో ఉసిరి ఎక్కడిది? ఎక్కణ్ణించో కాయలతో ఉన్న కొమ్మ కొట్టుకొచ్చి నేలలో పాతి, పసుపు కుంకుమలు పెట్టి దీపం వెలిగించేవారు. పిల్లలం చుట్టూ చేరి ఇది చెట్టా కొమ్మా అని వాదించుకుంటుంటే హెడ్ గుమాస్తాగారు, “ఈ పూటకి చెట్టే” అన్నారు. సర్కారు ఆఫీసులో తాత్కాలిక నియామకాలు చూసి చూసి ఉన్న మనిషి.

పొద్దున్నంతా ఆటలు. కుర్చీలాటలో చేతిరుమాలు వెయ్యడం చెల్లదని ముందే మైకులో చెప్పేశారు, మా జనం సంగతి తెలుసు గనక. ఒకపక్క గాడిపొయ్యి మీద గుమ్మడికాయ దప్పళం, కంద బచ్చలి కూర, పులిహోర, బూరెలు. ఆ బూరెల వాసనకి మా ఆటలు సగంలో ఆగిపోయేవి.

ఒక ఏడాది ఒంటిగంటకి ఆకులు వేశారు. అన్నిటికన్నా నీడ ఎక్కువున్న చెట్టు కింద ఆఫీసరుగారికీ, అమ్మగారికీ, ఇద్దరు పిల్లలకీ నాలుగు అరిటాకులు. గాలికి లేవకుండా వాటి మీద గులకరాళ్లు, పక్కన నాలుగు స్టీలు గ్లాసులు. మిగతా మా అందరికీ కాగితం గ్లాసులు. ఆఫీసరుగారు రాలేదు. రెండు దాటింది. పిల్లలు ఏడుపు మొదలెట్టారు. చివరికి జీపొచ్చింది, అందులో డ్రైవరొక్కడే ఉన్నాడు. “మీటింగులో ఉండిపోయారండీ, కానిచ్చెయ్యమన్నారండీ” అన్నాడు.

మొదటి బంతి కూర్చుంది. గుమాస్తాలూ వాళ్ల కుటుంబాలూ. అటెండర్లు, డ్రైవర్లు, లస్కర్లు, వాళ్ల పిల్లలు రెండో బంతి. ఇలాగని ఎవరూ ఎక్కడా రాయలేదు, ఎవరూ చెప్పలేదు కూడా, అందరికీ తెలుసు అంతే. ఆ నాలుగు ఆకులూ ఖాళీ. వాటిలో కూర్చునే ధైర్యం మొదటి బంతిలో ఎవరికీ లేదు. వంటాయన వరసగా వడ్డించుకుంటూ వచ్చి అక్కడ ఆగలేదు. ఆకు వేశాక వడ్డించకపోవడం ఆయనకి తెలియని విద్య. గులకరాళ్లు ఏరి అవతల పారేసి పప్పూ కూరా పులిహోరా వడ్డించేశాడు. అప్పుడు ఒక అటెండరు గారి కొడుకు, నా ఈడువాడే, ఆకలికి ఆగలేక వచ్చి చివరి ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బూరె కొరికేశాడు కూడా.

హెడ్ గుమాస్తాగారికి పొలమారింది. “ఒరేయ్, మీ వాణ్ణి అక్కణ్ణించి లేపు” అని అటెండరుని కేకేశారు. అతను చేతిలో నీళ్ల జగ్గుతో అడుగు ముందుకి వెయ్యాలా వెనక్కి వెయ్యాలా తెలియక నిలబడ్డాడు. వంటాయన నేతి గిన్నె పట్టుకుని మధ్యలోకి వచ్చాడు. “విస్తరి ముందునుంచి పిల్లాణ్ణి లేపుతారేటండీ? నా చేత్తో వడ్డించాక లేవడానికి లేదండీ. కావాలంటే మీరు లేవండి, మీకు వడ్డించడం ఇంకా అవలేదు” అన్నాడు. బంతి అంతా తలలు వంచుకుని పప్పు కలుపుకుంది. నాన్నగారు నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు. అటెండరు బంతి మొదటి నుంచీ నీళ్లు పోసుకుంటూ వచ్చి, కొడుకు దగ్గరికి వచ్చినప్పుడు ఆ స్టీలు గ్లాసులో కూడా పోశాడు. వాడు తల ఎత్తలేదు, తినడంలో ఉన్నాడు.

మిగిలిన మూడు ఆకుల జోలికి ఎవరూ పోలేదు. వాటిలో బూరెలు సాయంత్రానికి చీమలు తిన్నాయి. మరుసటి ఏడు ఆఫీసరుగారి కుటుంబానికి నేల మీద ఆకులు వెయ్యలేదు. బల్లా కుర్చీలూ వేశారు.

ఇప్పుడు కార్తీకం వచ్చిందంటే మా వైపు తోటలన్నీ కులసంఘాలు ముందే మాట్లాడేసుకుంటాయి. కులానికో తోట, తోట ముందు ఫ్లెక్సీ, ఫ్లెక్సీ మీద రానివాళ్ల బొమ్మలు పెద్దవి, వచ్చినవాళ్లవి చిన్నవి. అందరూ ఒకే బంతిలో కూర్చుంటున్నారు, నిజమే, ఒకే కులం గనక. ఆ పాత రెండు బంతుల పద్ధతి మంచిదని నేననను. కానీ రెండో బంతి కోసం ఎదురుచూసేవాళ్లు కనీసం మన కళ్లెదుట ఉండేవారు. ఇప్పుడు వాళ్లు ఇంకో తోటలో ఉన్నారు. ఇది దానికన్నా అధ్వాన్నం.

గౌతమీ గ్రంథాలయంలో పేపర్ల గది గురించి కూడా ఒక్క ముక్క చెప్పాలి. వారపత్రిక మీద కళ్లజోడు పెట్టి పెద్దాయన బయటికి వెళితే, ఆయన తిరిగొచ్చే దాకా దాన్ని ముట్టుకునేవారు కాదు. ఎదురుచూసేవాళ్లు ఆ పక్కనే మరో పేపరు నాలుగుసార్లు చదివేవారు. కళ్లజోడు లేకుండా ఆయన ఇంటికెలా వెళ్లాడని ఒక్కరికీ అనుమానం రాలేదు.

మా వీధి కుళాయి ఇప్పుడు లేదు, ఇంటింటికీ గొట్టం వచ్చింది, మేడ మీద ట్యాంకు వచ్చింది. హేవ్‌లాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. దూరం బస్సులకి ఫోన్లోనే సీటు దొరుకుతోంది. పల్లెవెలుగుల్లో మాత్రం అలాంటిదేం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితమయ్యాక నేను రాజమండ్రిలో అమలాపురం బస్సెక్కాను. కిటికీ పక్క సీట్లో కూరగాయల సంచి కూర్చుని ఉంది. పక్కావిడ దాని మీద చెయ్యేసి, “మా తోడికోడలండీ, వేమగిరిలో ఎక్కుద్ది” అంది. నిలబడ్డాను. వేమగిరిలో తోడికోడలు నిజంగానే ఎక్కి, సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు మా ముగ్గురికీ సున్నా టికెట్లు కొట్టి ఇచ్చాడు. అప్పటిదాకా సీట్లో వచ్చిన సంచికి టికెట్టేదని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.